ఇద్దరల్లుళ్ల ఇంజనాయిల్ సంగ్రామము

స్వస్తి! మాఘమాసపు మంచుతెర మిరపచేల మీద పలుచబడి, మోదుగుమొగ్గలు నిప్పుకణికల వలె అడవి కొసన రాజుకొంటున్న వేళ. ఆవల భూపాలపల్లి అరణ్యగర్భంలో బొగ్గెంతుందో తేల్చుకొందామని బోరుయంత్రాలు భూమాత వీపున తూట్లు పొడుస్తున్న కాలాన. ఈవల జనగామ స్టేషనులో ప్యాసింజరు బండి తనకు మనసైనప్పుడు వచ్చి, మనసైనప్పుడు కదిలే శుభదినాలలో. నడుమ మానుకోట సీమలో, మరిపెడకు కూతవేటు దూరంలో, కళ్లాల్లో ఎండే మిరపఘాటుకు పిట్టలు సైతం తుమ్ముతూ ఎగిరే మా పల్లెలో, ఎనభై ఆరో సంవత్సరపు మేడారం జాతర ముంగిట ఒక మహాసంగ్రామం జరిగింది. రాజ్యం కోసమా? కాదు. రాకుమారి కోసమా? అదీ కాదు. జీపులో ఏ నూనె పోయాలన్న దాని కోసం. నవ్వు వస్తే నవ్వుకోండి నాయనలారా, కాని కొంగు అడ్డం పెట్టుకొని నవ్వండి. ఆ యుద్ధంలో పాల్గొన్న వీరులు ఇంకా బతికే ఉన్నారు, వాళ్ల అలకలూ బతికే ఉన్నాయి.

ముందుగా కందెనకు దండం పెట్టి మొదలుపెడతాను. ఓ స్నిగ్ధస్వరూపిణీ! ఘర్షణగర్వనిర్వాపిణీ! ఇనుముకూ ఇనుముకూ నడుమ కాపురం చక్కదిద్దే పెద్దముత్తైదువా! నీవు లేని ఇరుసు ఏడుస్తుంది, నీవు అంటిన చీర ఏడిపిస్తుంది. నా నాలుక తడబడకుండా, ఈ గాథ గడగడమని కాక గబగబ సాగేటట్టు దీవించు తల్లీ.

ఇక కథానాయకుడు. నా చిన్న మరిది శ్రీపాల్. మిరపతోటల మహీపాలుడు, ఇస్త్రీచొక్కా ధవళయశస్వి, లాఠీప్రహారచిహ్నిత వామభుజుడు, చివర మాట్లాడినవాడి మాటే వేదమని నమ్మే నిర్ణయరాహిత్యధురంధరుడు. అరవై తొమ్మిదిలో, ప్రత్యేక తెలంగాణ కావాలని చదువుకునే పిల్లలు బడులు విడిచి రోడ్లెక్కిన ఏట, వరంగల్లులో ఊరేగింపు ముందువరసలో నడిచి భుజం మీద లాఠీదెబ్బ తిన్నాడు. మాకు చేరిన కబురు మాత్రం పిల్లవాడి జాడ లేదని. ఇంట్లో పొయ్యి వెలగలేదు. మా అత్తమ్మ కౌసల్యమ్మ వాకిట్లోకి వచ్చి, అడవి దిక్కు తిరిగి, కొంగు చాపింది. "సమ్మక్క తల్లీ, సారలమ్మ తల్లీ! నా పోరడు పానంతోని ఇల్లు జేరితే నా ఎత్తు బంగారం దెచ్చి మీ గద్దె కాడ పెడ్త" అని మొక్కింది. మేడారం తల్లులకు బంగారమంటే బెల్లమే. ఎత్తు బంగారమంటే మనిషి బరువుకు సరితూగే బెల్లం. కొడుకు భుజానికి కట్టుతో ఇల్లు చేరాడు. మొక్కు మాత్రం మేడారం చేరలేదు.

ఎందుకు చేరలేదు? ఇద్దరు రాక్షసుల వల్ల. ఒకడు కుదుపు, రెండోవాడు కిర్రు. ఆ మరుసటి జాతరకే అత్తమ్మ ఎడ్లబండి ఎక్కింది. ఊరి పొలిమేర దాటకముందే కుదుపుడు ఆమె మోకాలిని పట్టుకొని మెలిపెట్టాడు. ఇరుసులో కాపురముండే కిర్రుడు ఆమె చెవిలో దూరి ఒంటితలనొప్పి లేపాడు. కళ్లు తిరిగి పడిపోబోయిన మనిషిని వెనక్కి తెచ్చి పడుకోబెట్టాం. అప్పుడు శ్రీపాల్ తల్లి కాళ్ల దగ్గర కూర్చుని, "అవ్వా, నువ్వు పరేషాన్ గాకు. వచ్చే జాతరకు నేను జీపు కొంట. నిన్ను మేడారం దాన్క పూలల్ల వెట్టి తీస్కపోత" అని ప్రతిజ్ఞ చేశాడు. ఆ వచ్చే జాతర వచ్చింది, పోయింది. ఇంకొకటి వచ్చింది, పోయింది. జాతర జాతరకూ కొడుకు ప్రతిజ్ఞ పాతబడుతుంటే తల్లి ఒళ్లు పెరుగుతూ వచ్చింది. తల్లి ఒళ్లు పెరిగినకొద్దీ తల్లులకు ఇవ్వవలసిన బెల్లమూ పెరిగింది. తీరని మొక్కు కడుపులో పెట్టుకొన్న మనిషికి ఆకలెక్కువంటారా, ఏమో. మా అత్తమ్మకు మాత్రం నిద్రే కరువైంది. పండుగపూట ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా, గొడ్డు ఈనక చచ్చినా, "నా మొక్కే బిడ్డా, నా మొక్కే" అని గోడ దిక్కు తిరిగేది.

చివరికి ఆ ఏడు శ్రీపాల్ నిజంగానే జీపు తెచ్చాడు. మిలిటరీ వాళ్లు వాడి వాడి విసిగి వేలంలో వదిలించుకొన్నది. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే గేరున్న సర్వభూభాగసంచారి. వాగు, వంక, ఇసుక, బురద, బండ అన్నింటినీ దాటగల గండరగండడు. తలుపులు లేవు, గాలికి అడ్డు లేదు. హారను కొడితే బర్రెలు పాలు ఎగబెట్టాయి. ముందు సీటు మాత్రం, ఉన్నమాట చెప్పాలి, స్ప్రింగుల మీద స్ప్రింగులు పేర్చిన హంసతూలికాతల్పం. అత్తమ్మ దాని మీద ఒకసారి కూర్చుని, ఒకసారి ఊగి, "గిది నా మోకాలికి దవాఖాన బిడ్డా" అంది. ఆ మాటకు శ్రీపాల్ మీసం మెలితిరిగింది.

ప్రయాణపు దినం వచ్చింది. తెల్లవారకముందే మానుకోట నుంచి మిస్త్రీ ఫకీర్ అహ్మద్ వచ్చాడు. ఆయన పానాపట్టిన చేతిని చూస్తే నట్టులు వాటంతటవే వదులవుతాయని ప్రతీతి. ఆ ప్రతీతిని పుట్టించింది ఆయనే. జీపు కిందికి దూరి, వేలు తడిచేసుకొని, వాసన చూసి, తల విదిలించి తీర్పు చెప్పాడు. "పటేల్ సాబ్, గిది నూనె గాదు, డాంబర్. దీంతోని అడివికి వోతే ఇంజన్ నడిమిట్లనే బిగుసుకుంటది. తీసేద్దాం."

ఇక్కడ మా వైపు ఒక పద్ధతి ఉంది, చెప్పాలి. ఇంజను కక్కిన నల్లనూనెను మేము పారబోయం. బండి ఇరుసులకు కందెనగా, దూలాలకు చెదమందుగా, తలుపు బందులకు తైలాభిషేకంగా అది ఊరందరి ఆస్తి. జీపు నూనె తీస్తున్నారన్న వార్త కోడికూతకన్న ముందే ఊరంతా తిరిగింది. ఫకీర్ అహ్మద్ ఇంజను కింది నూనె ఛాంబరు అడుగు బోల్టు విప్పగానే నల్లధార దూకింది. చిప్పలు, డబ్బాలు, గురుగులు వరుస కట్టాయి. పట్టుకొన్నవాళ్లు పట్టుకొన్నట్టే ఇరుసులకు పూసుకొని, బండ్లు కట్టుకొని, జాతర తోవ పట్టారు. మా ఇంటాయన కూడా వంటసామానుతో, పిల్లలతో మా కచ్చురాలు, అదే గూడుకట్టిన ఎడ్లబండ్లు, తోలుకొని వెళ్లిపోయాడు. జీపుది గంటల పని, బండ్లది దినాల పని కదా! వెనక మిగిలింది జీపు, జీపులో బెల్లపుగంపలు, జీపు మీద నమ్మకంతో అత్తమ్మ, ఆమె వెంట ఇంటి ఆడబిడ్డలూ అల్లుళ్లూ నేనూ.

ఇంకొకరు కూడా మిగిలారు. సారక్క. ఆమె ఎడ్లబండి కిర్రు చప్పుడుకు పక్క ఊరి కుక్కలు మొరిగేవి. బర్రె తన్నిందని, పాలు పిండి వచ్చేసరికి ఆలస్యమైందని, కుండ పట్టుకొని రొప్పుతూ వచ్చేటప్పటికి ధార కాస్తా చుక్కలైంది. "అందరికి ధారలు, నాకు చుక్కలా?" అని గొణిగి, గడ్డి కాల్చిన మసి అడుగున పోసి తెచ్చిన కుండను జీపు కింద పెట్టి, చక్రానికి వీపు ఆనించి, ఆకువక్క నోట్లో వేసుకొని కూర్చుంది. మసిలో నూనె కలిస్తేనే కదా కందెన! ఆఖరి చుక్కదాకా కదలనని ఆమె శపథం. ఆమె అక్కడ ఉందన్న సంగతి అందరికీ తెలుసు. కాసేపటికి అందరూ మరిచారు.

విప్పిన బోల్టును ఫకీర్ అహ్మద్ తుడిచి, మళ్లీ బిగించబోయాడు. అత్తమ్మ ఆపింది. "ఆగు ఫకీరూ. విప్పిన సామాను పసుపు కుంకుమ లేంది మల్ల ఎక్కియ్యద్దు. తల్లుల కాడికి వొయ్యే బండి." ఇంజనుకైనా, ఇంటికైనా ఆ ఇంట్లో ఆమె మాటే చట్టం. బోల్టు పళ్లెంలోకి ఎక్కింది. పసుపు రాసుకొంది, కుంకుమ పెట్టించుకొంది, కొబ్బరికాయకూ కర్పూరానికీ నడుమ కొత్తకోడలి వలె ఒద్దికగా కూర్చుంది. "బహుత్ అచ్ఛా," అన్నాడు ఫకీర్ అహ్మద్. "గిప్పుడు కొత్త నూనె పట్టుకరాండ్రి."

అంతే! ఉత్తరపు గదిలో నుంచి ఒక డబ్బా, దక్షిణపు గదిలో నుంచి ఒక డబ్బా, ఎదురెదురు మేఘాల వలె, ఏకకాలంలో వాకిట్లోకి వచ్చాయి.

ఉత్తరపు డబ్బాను భుజాన మోసుకొచ్చినవాడు పెద్దల్లుడు రామ్మోహన్. భూపాలపల్లి అడవిలో బొగ్గుబోర్ల క్యాంపు ఉద్యోగి, నలభైనంబరు తైలనిష్ఠాగరిష్ఠుడు, ఏ మాటకైనా "మా క్యాంపుల" అన్న ముందుమాట తొడిగేవాడు. దక్షిణపు డబ్బాను చంటిపిల్లవలె ఎత్తుకొచ్చినవాడు చిన్నల్లుడు ఉపేందర్; జనగామ బజారులో మోటారు సామాన్ల వ్యాపారి, నూతనపద్ధతి ప్రవక్త, డబ్బా మీద రెండు నంబర్లుంటే రెండింతల గుణమని నమ్మినవాడు. నూనె అడిగింది శ్రీపాలే. ఇద్దరినీ అడిగాడు. ఒకరికి తెలియకుండా ఒకరిని. నిర్ణయం తీసుకోవడమంటే ఆయనకు అంత ఇష్టం.

"బావా, నువ్వు సుత తెచ్చినవా?" అని ఉత్తరం చూసి, "బావా, నువ్వు గూడనా?" అని దక్షిణం చూసి, మరిది గారు ఆకాశం చూశారు.

ఇక ఏ ఇంట్లోనైనా ఇది చిన్న సంగతే. కాని అల్లుడు తెచ్చినదాన్ని వద్దనడం మా వైపు ఉన్నదా? అల్లుడు తెచ్చిన పుచ్చువంకాయలకు కూడా తాళింపు పెట్టి, లొట్టలేసుకొంటూ తినవలసిన కులమర్యాద మాది. ఒకరి నూనె పోస్తే రెండోవారి తల నరికినట్టే.

రామ్మోహన్ డబ్బా దించి, భుజం మీద తువ్వాల సవరించి, మేఘగంభీరస్వరంతో పలికాడు. "శ్రీపాలూ! మా క్యాంపుల గీ నలభై నంబరు లేంది ఇంజన్ ముట్టం. ఇది చిక్కటి నూనె. తాడ్వాయి అడివిల, వాగుల ఇసుకల, ఎండల ఇంజన్ కాగి కాగి పొగలు గక్కుతుంటె ఇనుముకు అంటుకొని నిలవడేది గిదే. బొగ్గుతీసే మిషిన్లకు నూనె పోసినోణ్ని. చాయ పోసినోణ్ని గాను."

ఉపేందర్ చిరునవ్వు నవ్వాడు. వ్యాపారి నవ్వు, అందులో కత్తి ఉంటుంది, కత్తికి ఒర కూడా ఉంటుంది. "అన్నా, నీ మిషిన్లు ఒక్కకాడ నిలవడి గుంత తవ్వుతయి. ఇది ఉరికే బండి. మాఘమాసం చలి. పొద్దుగాల సెల్ఫ్ కొడితె నీ నలభై నంబరు గడ్డపెరుగయి కూసుంటది. నాది ఇరవై-నలభై. చలిల పల్చన, వేడిల చిక్కన. జనగామల గిప్పుడు సమజైనోళ్లంత గిదే కొంటున్నరు."

"గది నూనెనా తమ్మీ? నీళ్లమజ్జిగ."

"మజ్జిగ అరుగుతదన్నా. పెరుగు పేరుతది."

"ఆ, బావ జెప్పింది నిజమే," అన్నాడు శ్రీపాల్.

"ఏ బావ?" అని ఇద్దరు బావలూ ఒక్కసారే అడిగారు.

ఆహా! ఆ తరువాతి ఘోరం ఏమని వర్ణించను! వాదం ముదిరి పరీక్షకు దిగింది. జీపు బానెట్టు మీద, ఏటవాలు చూసి, ఇద్దరూ తలా ఒక చుక్క వేశారు. చుక్కలు పరుగుపందెం కట్టాయి. ఉపేందర్ చుక్క ఉత్సాహంతో ఉరికింది. రామ్మోహన్ చుక్క పెద్దమనిషి వలె ఆగి ఆగి నడిచింది. "చూసిండ్రా!" అని చిన్నల్లుడు చేయెత్తాడు. "చూసిన. ఉరికిపోతున్నది. రేపు అడివిల గూడ గట్లనే ఉరికిపోతది, ఇంజన్‌ను ఇడిసిపెట్టి," అన్నాడు పెద్దల్లుడు. ఈలోపు ఒక కోడిపెట్ట బానెట్టెక్కి రెండు చుక్కలనూ సమానంగా తొక్కి పోయింది. ఆ రణరంగంలో పక్షపాతం లేనిది ఆ పక్షి ఒక్కటే.

భర్తల రథాలు తొట్రుపడితే భార్యలు ఊరకుంటారా? మా పెద్ద ఆడబిడ్డ విమల, చిన్న ఆడబిడ్డ సునంద గడపకు అటొకరు ఇటొకరు మోహరించారు.

"మా ఆయన తెచ్చింది సీలు డబ్బ అక్కా. మూత సుత తియ్యలే."

"సీలుంటే ఏంది? మీ అత్తోళ్లు పెండ్లిల వెట్టిన నెయ్యిడబ్బకు సుత సీలుండె. అండ్లకెల్లి ఏమెల్లిందో సుట్టాలందరికి ఎరుకే."

"గది పదేండ్ల ముచ్చట! గిప్పుడెందుకు దీస్తున్నవే?"

"నువ్వు నూనె దీసినవ్, నేను నెయ్యి దీసిన."

శ్రీపాల్ పరుగున పోయి ఫకీర్ అహ్మద్ చేయి పట్టుకొన్నాడు. "మిస్త్రీ, నువ్వు జెప్పు. ఏది మంచిది?"

ఫకీర్ అహ్మద్ గడ్డం నిమురుకొన్నాడు. కుడివైపు చూశాడు, అల్లుడు. ఎడమవైపు చూశాడు, అల్లుడు. "సాబ్, నేను ఇంజన్ మిస్త్రీని. అల్లుళ్ల మిస్త్రీని గాను. మీరేది పోయమంటె గది పోస్త. నిజం బోల్తే, నాకు ఇడిసిపెడితె ముప్పై నంబరు పోస్తుంటి."

మూడో నంబరు! ఆరబోతున్న నిప్పు మీద ఎండుమిరపకాయ వేసినట్టయింది. ఇద్దరు అల్లుళ్లూ ఒక క్షణం ఏకమై ఆయన మీదికి లేచి, ఆ పని కాగానే మళ్లీ విడిపోయారు. రామ్మోహన్ మంచం ఈడ్చుకొని పోయి కొట్టంలో వేసుకొని, ఎడ్ల దిక్కు మొహం పెట్టి పడుకొన్నాడు. ఉపేందర్ కుర్చీ ఎత్తుకొని పోయి చింతపండు గాబు పక్కన, గోడ దిక్కు మొహం పెట్టి కూర్చున్నాడు. పెండ్లినాడు అలకపాన్పు మీద కూడా అంత నిష్ఠగా అలగలేదు వాళ్లు. అన్నం వడ్డించి పిలిస్తే, "ఆకలి లేదు" అని కొట్టం పలికింది. "తిని వచ్చిన" అని గాబు పలికింది. ఎక్కడ తిని వచ్చాడో ఆ గాబుకే తెలియాలి. నేను వండిన నాటుకోడికూర పొయ్యి మీద ఒంటరిగా చల్లారింది. ఈ మొత్తం యుద్ధంలో నాకు కలిగిన అసలు నష్టం అదే.

ఎండ వాకిలి దాటి అరుగెక్కింది. పొద్దు పడమటికి జారుతోంది. కొత్తచీర కట్టుకొని, బెల్లపుగంపల పక్కన తెల్లవారి నుంచి కూర్చున్న అత్తమ్మ లేచింది. ఆమె లేస్తే మంచం ఊపిరి పీల్చుకొంది. నడి వాకిట్లో నిలబడి, కొట్టానికీ గాబుకూ సమానంగా వినబడేటట్టు పలికింది.

"ఇనుండ్రి అల్లుళ్లారా! నా పోరడు సావు దప్పించుకొని ఇల్లు జేరినప్పుడు మొక్కిన మొక్కు. వాడి తల నెరిసింది, నా మొక్కు నెరవేరలే. కచ్చురాలు వోయినయి, ఊరు ఊరంత వోయింది. గిప్పుడు మీ నూనెల కాడ నన్ను ఆపుతరా? రెండూ పొయ్యుండ్రి! సగం గాయినది, సగం గీయినది."

కొట్టంలో కదలిక. గాబు దగ్గర కదలిక. ఇద్దరూ వచ్చారు. యుద్ధం ముగిసిందనుకొన్నారా? పిచ్చి నాయనలారా, అసలు చిక్కు అప్పుడే పుట్టింది.

"పెద్దల్లున్ని. ముందు నాది పొయ్యాలె," అన్నాడు రామ్మోహన్.

"పొయ్యున్నా. ముందు పోసింది అడుగుకు వోతది. నాది నీ నెత్తి మీద కూసుంటది. నాకేం బాధ లేదు," అన్నాడు ఉపేందర్.

రామ్మోహన్ చేయి గాలిలో ఆగింది. "అయితే ముందు నువ్వే పొయ్యి."

"ముందు నాది వోస్తే మొదటి మర్యాద నాకే అన్నట్టు. గంతేనా? ఒప్పుకున్నట్టేనా?"

"ఆ, గదీ నిజమే," అన్నాడు శ్రీపాల్, ఎవరూ అడగకపోయినా.

ముందు పోస్తే కింద పడతాడు, తరువాత పోస్తే వెనకబడతాడు. ఇటువంటి ధర్మసంకటం ఏ శాస్త్రంలో ఉంది? చివరికి సంధి కుదిరింది. ఒకే గరాటు, రెండు డబ్బాలు, ఒకే క్షణం. విమల హారతి పళ్లెం తిప్పింది, బోల్టు మీద కుంకుమ మెరిసింది. శ్రీపాల్ కొబ్బరికాయ కొట్టాడు. ఇద్దరు తోడల్లుళ్లు భుజం భుజం ఒరుసుకొని, ఒకరి ధారను ఒకరు ఓరకంట చూసుకొంటూ, తలంబ్రాల వలె తైలం గరాటులో వదిలారు. బంగారుచాయ ధార ఒకటి, తేనెచాయ ధార ఒకటి! గరాటు గొంతులో రెండూ అల్లుకొని, గుటగుటమని లోనికి దిగాయి. ఆ శోభ చూసి ఫకీర్ అహ్మద్ సైతం, "వాహ్, వాహ్" అన్నాడు.

సగం డబ్బాలు కాగానే ఆయన నూనె కొలిచే ఉక్కుపుల్ల తీసి చూశాడు. పొడిగా ఉంది. "ఇంకా పొయ్యుండ్రి," అన్నాడు. పోశారు. పుల్ల తీశాడు. పొడి. "పాతది డాంబర్ గదా, లోపలంత ఎండిపోయింది. తాగుతున్నది."

"మిలిటరీ జీపు! మిలిటరీ దాహం!" అని శ్రీపాల్ బానెట్టును ఏనుగు కుంభస్థలం వలె తట్టాడు.

"నాది ఎక్కువ తాగుతున్నది," అన్నాడు ఉపేందర్.

"నాది ఇష్టంగ తాగుతున్నది," అన్నాడు రామ్మోహన్.

రెండు డబ్బాలూ తలకిందులయ్యాయి. చివరి బొట్టు కూడా పోటీ పడి రాలింది. ఫకీర్ అహ్మద్ పుల్ల తీశాడు, తుడిచాడు, దింపాడు, తీశాడు. ఉగాదినాటి ఏటి ఇసుక వలె పొడిగా ఉంది. అప్పుడు, జీపు కింది నుంచి, ఆకువక్క నమిలే నోటితో ఒక గొంతు తాపీగా పలికింది.

"ఇగ సాలు పటేలా. కుండ నిండింది. పొరిగిల్లుతున్నది. ఇంకో కుండ తెచ్చుకోవాల్నా?"

అందరి తలలూ కిందికి వంగాయి. అక్కడి నుంచి మెల్లగా, ఎవరూ తొందరపడకుండా, హారతి పళ్లెం వైపు తిరిగాయి. పసుపు పూసుకొని, కుంకుమ పెట్టుకొని, కర్పూరం పక్కన, ఛాంబరు బోల్టు చల్లగా కూర్చుని ఉంది.

"యా అల్లా," అన్నాడు ఫకీర్ అహ్మద్. ఆ పూట ఆయన పలికిన వాటిలో ఎవరూ కాదనని మాట అదొక్కటే.

తరువాత ఎవరు ఎవరిని ఏమన్నారో చెప్పాలంటే ఈ గాథకు ఇంకొక గాథ కావాలి. శ్రీపాల్ వంగి, చేయి చాపి, "సారక్కా, జర ఆ కుండ ఇయ్యవే, మల్ల పోసుకుంటం" అన్నాడు. సారక్క కుండను ఒడిలోకి లాక్కొని లేచి నిలబడింది. ఆమె పలుకు వినండి.

"ఏంది, ఇచ్చుడా? పొద్దుగాలకెల్లి చుక్క చుక్క పట్టుకుంట కూసున్న. పోసింది మీరు, పట్టింది నేను, కలిసింది నా మసిల. సూడుండ్రి, ఎంత మంచిగ కందెనయిందో! దూడ నోట్లకు వోయిన పాలు మల్ల పొదుగులకెక్కిస్తరా పటేలా?"

ఫకీర్ అహ్మద్ వేలితో ముట్టి చూసి తల అడ్డంగా ఊపాడు. "మసి కలిసింది సాబ్. ఇంజన్ల వోస్తే ఇసుక వోసినట్టే. మానుకోటల దుకాన్లన్ని జాతరకు బంద్. బస్సులన్ని జాతరకే వోయినయి, ఎట్లనన్న జనగామ వోయి వచ్చేసరికి తల్లులు గద్దె దిగుతరు."

అత్తమ్మ బెల్లపుగంప అంచు మీద చేయి వేసి, గడప మీద కూలబడి, కొంగు చివర వేలికి చుట్టుకొంటూ, "గీసారి సుత గింతేనా బిడ్డా," అంది. కొడుకు వైపు చూసి కూడా కాదు. అడవి దిక్కు చూసి.

అప్పుడు జరిగింది, నాయనలారా, అప్పుడు! పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఎవరినీ అడగకుండా ఒక్క పనీ చేయని నా మరిది, ఎటువైపూ చూడకుండా, ఏ బావనూ అడగకుండా, ఫకీర్ అహ్మద్ చేతిలోని పానా లాక్కొన్నాడు. జీపు లోనికి దూరాడు. ఇనుము మూలిగింది. నట్టులు నాలుగు దిక్కులా ఎగిరాయి. లాఠీదెబ్బ తిన్న ఆ ఎడమ భుజం మీదే ముందు సీటును, దాని స్ప్రింగుల సమేతంగా, పెకలించి ఎత్తుకొని బయటికి వచ్చాడు. "సారక్కా! నీ ఇరుసుకు కందెన పుయ్యి. అవ్వ నీ బండిల వస్తది."

"పటేలమ్మ నా బండిలనా? రానియ్యుండ్రి. మరి బెల్లం సుత ఎక్కుతదా? నా ఎడ్లు ఏం పాపం జేసినయో," అంది సారక్క. కాని అప్పటికే ఆమె చేయి మోచేతిదాకా కుండలో మునిగి ఉంది.

సీటును బండి నడుమ మోకుతాళ్లతో బిగించారు. రామ్మోహన్ కుడి చక్రానికి పూశాడు, ఉపేందర్ ఎడమ చక్రానికి. కుండ ఒకటే, కందెన ఒకటే. అయినా ఒకరి చక్రాన్ని ఒకరు ముట్టనివ్వలేదు. హారతి పళ్లెం ఒడిలో పెట్టుకొని అత్తమ్మ జీపు సీటు మీద సింహాసనాధిరూఢయైంది. సారక్క ఎడ్లను అదిలించింది. పక్కన నొగల మీద కూర్చున్న శ్రీపాల్ వైపు తిరిగి, "గేరెయ్యి పటేలా," అని పళ్లన్నీ కనబడేటట్టు నవ్వింది. మేమంతా ఊపిరి బిగబట్టాం. కిర్రుడు మేల్కొంటాడు, అత్తమ్మ తల పట్టుకొంటుంది, పొలిమేర నుంచి మళ్లీ వెనక్కి...

చక్రం కదిలింది. చప్పుడు లేదు. పొలిమేర దాటింది. చప్పుడు లేదు. పక్క ఊరి కుక్కలు బండిని చూసి కూడా, చెవులు నమ్మక, మొరగడం మరిచాయి. నలభై నంబరూ ఇరవై-నలభై నంబరూ గడ్డిమసీ కలిసిన ఆ మహాకందెనలో కిర్రుడు మునిగి ఊపిరాడక చచ్చాడు. మిలిటరీ స్ప్రింగుల కింద కుదుపుడు నలిగి మరణించాడు. వెనక నడుస్తున్న తోడల్లుళ్లు చక్రాల వైపు చెవులొగ్గి, "ఎత్తెక్కేటప్పుడు మోసింది నాది" అని ఒకరు, "దిగేటప్పుడు జారింది నాది" అని ఒకరు, గెలుపు చెరిసగమని మొదటిసారి ఇద్దరూ ఒక నిర్ణయానికి వచ్చి, ఒకే విస్తట్లో అటుకులు తిన్నారు. సీటు మీద అత్తమ్మ మాత్రం, నోరు కొద్దిగా తెరిచి, ఏండ్ల బాకీ నిద్రంతా నిద్రపోయింది.

మేడారంలో తక్కెడకు ఒకవైపు అత్తమ్మ, ఒకవైపు బెల్లం. తెచ్చిన గంపలన్నీ పెట్టినా సూది కొద్దిగా అత్తమ్మ వైపే మొగ్గింది. ఆమె కంగారుపడలేదు. ఒడిలో ఉన్నదేదో తీసి బెల్లం వైపు వేసింది. తూకం సరిపోయింది. గద్దె దగ్గర బంగారం సమర్పించి, కొడుకు ఎడమ భుజం తడిమి, "పాయె బిడ్డా, బరువు దిగింది" అని మొదటిసారి ఏడ్చింది. మేమూ ఏడ్చాం, దుమ్ముకు కావచ్చు.

తిరుగుదారిలో శ్రీపాల్ హుషారుగా అన్నాడు. "ఇంటికి వోంగనే కొత్త నూనె వోద్దం అవ్వా. ముప్పై నంబరు. ఆ బోల్టు ఇయ్యి, జేబుల వెట్టుకుంట."

"ఏ బోల్టు?"

"పళ్లెంల పెట్టినవు గదనే. జీపుది."

"గదా? తూకం తక్కువవడితె బెల్లంల ఏసిన గద. తల్లులకు ఇచ్చిన," అంది అత్తమ్మ, నిశ్చింతగా. "పసుపు కుంకుమ వెట్టినంక మల్ల ఎనుకకు తెచ్చుకుంటరారా ఎవడన్న?"

ఫకీర్ అహ్మద్ ఆ కొలతకు సరిపడే బోల్టు కోసం మానుకోట అంతా వెదికాడు. మిలిటరీ మరకు మామూలు బోల్టు పట్టలేదు. సీటులేని ఆ సర్వభూభాగసంచారి మా వాకిట్లోనే కదలక నిలిచి, కాలక్రమంలో కోళ్లకు రాజప్రాసాదమైంది. ఏ నూనె మంచిదన్న సంగతి నేటికీ తేలలేదు.

కనుక ఓ సభాసదులారా! చాటండి, దండోరా వేయండి! మరిపెడ మొదలు మేడారం దాకా, ఎగుడులోనూ దిగుడులోనూ, సారక్క బండి ఒక్కసారి కూడా కిర్రుమనలేదు! ఈ విజయగాథ విన్నవారి ఇంట్లో తలుపుబందులు మూలగకుండు గాక, అల్లుళ్లు వేళకు అన్నం తిందురు గాక, నూనె పోసేవారికి మొదట అడుగు బోల్టు బిగించే బుద్ధి కలుగు గాక.